ఫెరిటిన్ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

మానవ దేహంలోకి ఇనుము రావడానికి దారి ఉన్నది; పోవడానికి చెప్పుకోదగిన దారి లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రపిండాలు దానిని బయటకు పంపుతాయి. నీరు ఎక్కువైనా అంతే. ఇనుము విషయంలో ప్రకృతి అట్టి ఏర్పాటు చేయలేదు. చర్మం పొలుసులు రాలడంలోను, పేగుల లోపలి కణాలు ఊడిపోవడంలోను రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిన్న ఆహారం నుంచి పేగులు దాదాపు అంతే ఇనుమును లోపలికి రానిస్తాయి. ఈ రాకను అదుపు చేసేది కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్ అనే పదార్థం. నిలువలు పెరిగితే హెప్సిడిన్ పెరిగి పేగుల తలుపు మూస్తుంది. పెద్దవారి దేహంలో మొత్తం ఇనుము ఏళ్ల తరబడి 3, 4 గ్రాముల దగ్గరే నిలిచి ఉండడానికి కారణం ఇదే.

రక్తం ఎక్కించినప్పుడు ఈ తలుపు అడ్డు రాదు. ఎర్రకణాలు సూటిగా సిరలోకి పోతాయి. ఒక్కొక్క రక్తపు సంచిలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పేగుల ద్వారా అంత ఇనుము రావాలంటే 100 నుంచి 250 రోజులు పడుతుంది. నెలకొకటో రెండో సంచులు ఎక్కించుకొనే రోగి దేహంలో ఏడాది తిరిగేసరికి ఎంత ఇనుము చేరుతుందో పాఠకులే లెక్క కట్టుకోవచ్చు. అది మొదట కాలేయంలోను, ప్లీహంలోను, తరువాత హార్మోనుల గ్రంథులలోను, గుండె కండరంలోను పేరుకొంటుంది.

ఇట్టి రోగులే మూలకణాల మార్పిడికి వస్తారు. ఎముకలలోని మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉంటాయి. ఆ మూలుగ చెడిపోయినప్పుడు మందులతోగాని, రేడియేషనుతోగాని దానిని తొలగించి, దాత నుంచి తీసుకొన్న మూలకణాలను సిర ద్వారా ఎక్కిస్తారు. ఈ చికిత్సకు దారి చూపిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 1983లో బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలోను, 1986లో వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలోను ఈ చికిత్స ఆరంభమైనది. థలసీమియాతో పుట్టిన పిల్లలు, ల్యుకీమియా వచ్చినవారు, మూలుగ సరిగా పనిచేయని మైలోడిస్‌ప్లాసియా రోగులు దీనికోసం వచ్చేవారిలో ముఖ్యులు. వీరిలో చాలామందికి అప్పటికే ఎన్నో సంచుల రక్తం ఎక్కి ఉంటుంది.

మార్పిడి జరిగే వారాలలో ఇనుము మరింత ప్రమాదకారి అవుతుంది. రక్తంలో ఇనుమును మోసే ప్రోటీను ట్రాన్స్‌ఫెరిన్. మామూలుగా దానిలో మూడవ వంతు మాత్రమే ఇనుముతో నిండి ఉంటుంది. పాత మూలుగ పోయి కొత్తది ఇంకా నాటుకోని రోజులలో ఇనుమును వాడుకొనే కణాలు ఉండవు. ట్రాన్స్‌ఫెరిన్ పూర్తిగా నిండిపోతుంది. మిగిలిన ఇనుము దేనికీ గట్టిగా కట్టుబడకుండా రక్తంలో తిరుగుతుంది. ఇట్టి ఇనుము పెరాక్సైడుతో కలిసినప్పుడు తీవ్రమైన ఆక్సీకరణం జరుగుతుందని ఫెంటన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1894లోనే తెలియజేశాడు. జీవకణాలలో ఇదే చర్య పొరలను, జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. పైగా బాక్టీరియాలకు, బూజులకు ఇనుము మంచి ఆహారం. తెల్లకణాలే లేని రోగికి ఈ రెండూ కీడే.

కాబట్టి మార్పిడికి ముందు "ఈ రోగి దేహంలో ఇనుము ఎంత?" అని వైద్యులు అడగడం న్యాయమే. ఈ వ్యాసంలో విమర్శకు తీసుకొన్నది ఆ ప్రశ్నను కాదు. దానికి సాధారణంగా వస్తున్న జవాబును. ఆ జవాబు సీరం ఫెరిటిన్ అనే ఒకే ఒక అంకె.

ఫెరిటిన్ అనేది కణాలలో ఇనుమును దాచే ప్రోటీను. బోలుగా ఉండే దాని గుల్లలో 4500 ఇనుప పరమాణువుల వరకు పడతాయి. 1937లో చెకోస్లొవేకియాకు చెందిన లౌఫ్‌బెర్గర్ గుర్రపు ప్లీహం నుంచి దీనిని వేరుచేశాడు. రక్తంలో కూడా ఇది కొద్దిగా ఉంటుందని, దానిని కొలవవచ్చునని 1972లో బ్రిటన్‌లోని కార్డిఫ్ శాస్త్రజ్ఞులు చూపారు. ఆరోగ్యవంతులలో ఇది సాధారణంగా మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల లోపు ఉంటుంది. పరీక్షకు కొద్దిపాటి రక్తం చాలు. ఖర్చు తక్కువ. ఫలితం త్వరగా వస్తుంది. ఇన్ని సుగుణాలున్న పరీక్ష వాడుకలోకి రావడంలో వింత లేదు. 1000 దాటితే ఇనుము ఎక్కువ అనీ, 2500 దాటితే చాలా ఎక్కువ అనీ చెప్పుకోవడం అలవాటైనది.

ఇందులో లోపమేమిటో ఒక ఉపమానంతో చూద్దాం. ఒక ఊరిలో ధాన్యం దాచుకొనే గంపలు ఇళ్లలో ఉంటాయి. కొన్ని ఖాళీ గంపలు వీధిలోనూ కనిపిస్తాయి. వీధిలో గంపలు ఎక్కువగా కనిపిస్తే ఊరిలో పంట బాగా పండిందని బాటసారి అనుకోవచ్చు. చాలా సందర్భాలలో అది నిజమే కావచ్చు. కాని ఊరిలో ఇల్లు అంటుకొన్నప్పుడు కూడా జనం గంపలను వీధిలో పారవేస్తారు. ఇల్లు కూలినా గంపలు వీధిలో పడతాయి. రక్తంలో కనిపించే ఫెరిటిన్ ఇట్టి గంపే. దానిలో ఇనుము బహు స్వల్పం. దేహంలో ఇనుము పెరిగితే అది పెరుగుతుంది. జ్వరం, వాపు, అంటువ్యాధి వచ్చినా పెరుగుతుంది. కాలేయ కణాలు దెబ్బతిన్నా పెరుగుతుంది. కొన్ని కాన్సర్లలోనూ పెరుగుతుంది. ల్యుకీమియా రోగిలో ఇవన్నీ ఒకేసారి ఉండవచ్చు. అట్టివానిలో 2000 అనే అంకె ఇనుమును గూర్చి చెబుతున్నదా, రోగాన్ని గూర్చి చెబుతున్నదా అన్నది అంకెను చూసి తేల్చలేము.

ఈ చిక్కు పుస్తకాలకే పరిమితమైనది కాదు. 2007లో అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు ఆర్మండ్ ప్రభృతులు మార్పిడి జరిగిన 590 మంది రోగుల పాత వివరాలు పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. మార్పిడికి ముందు ఫెరిటిన్ బాగా హెచ్చుగా ఉన్నవారు తక్కువ కాలం బతికారు. ఈ తేడా ముఖ్యంగా తీవ్ర ల్యుకీమియా, మైలోడిస్‌ప్లాసియా రోగులలో కనిపించింది. ఇనుము ఎక్కువ కావడమే దీనికి కారణం కావచ్చునన్న ఊహ అక్కడ పుట్టింది. ఊహగా ఉన్నంతవరకు దానిలో తప్పు లేదు. అయితే అటు తరువాత వచ్చిన ఎన్నో వ్యాసాలలో ఫెరిటిన్ హెచ్చు అనవలసిన చోట 'ఇనుము హెచ్చు' అని రాయడం పరిపాటి అయినది. కొలిచినది ఒకటి, పేరు పెట్టినది మరొకటి. పేరు స్థిరపడిన తరువాత దానిని ప్రశ్నించేవారు తగ్గిపోతారు.

అదే ఆర్మండ్ బృందం తమ ఊహను తామే పరీక్షకు పెట్టడం ప్రశంసనీయమైన సంగతి. 2012లో వారు 45 మంది ల్యుకీమియా, మైలోడిస్‌ప్లాసియా రోగులలో మార్పిడికి ముందే ఎం.ఆర్.ఐ. యంత్రంతో కాలేయంలోని ఇనుమును సూటిగా కొలిచి, ఆ తరువాత వారి గతిని గమనించారు. కాలేయంలో ఇనుము ఎక్కువగా ఉండడానికి, మరణాలకు సంబంధం కనిపించలేదు. 2013లో మరొక బృందం 88 మందిని ఇదే విధంగా పరిశీలించి అదే నిర్ణయానికి వచ్చింది. 2014లో నాలుగు పరిశోధనలకు చెందిన 276 మంది వివరాలను ఒక్కచోట చేర్చి చూశారు. ఫెరిటిన్ 1000 దాటినవారిలో మరణాలు ఎక్కువే. కాని కాలేయంలో గ్రాముకు 7 మిల్లీగ్రాములకు మించి ఇనుము ఉన్నవారిలో అట్టి ఆధిక్యం తేలలేదు. అంటే ఫెరిటిన్ కీడును ముందుగా సూచిస్తున్నది నిజమే. ఆ కీడు నిలువ ఉన్న ఇనుము వల్లనే వస్తున్నదని మాత్రం రుజువు కాలేదు.

ఇంతమాత్రాన ఇనుము నిరపాయకరమని తీర్పు చెప్పడం కూడా తొందరపాటే. ఈ పరిశోధనలలో రోగుల సంఖ్య కొద్ది. పైగా కాలేయంలో కొలిచేది దాచిపెట్టిన ఇనుమును. హాని చేసేది కట్టుబడని ఇనుము. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. 2018లో జర్మనీ వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, రక్తంలో కట్టుబడని చురుకైన ఇనుము కనిపించిన రోగులలో, రోగం తిరగబెట్టడం వల్ల కాక ఇతర కారణాల వల్ల కలిగే మరణాలు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. కాబట్టి 'ఇనుము ఎంత?' అన్న ప్రశ్నను విడగొట్టి అడగాలి. నిలువ ఎంత? అది ఏ అవయవంలో ఉన్నది? కట్టుబడి ఉన్నదా, లేదా? ఇప్పటికే ఏమి చెరుపు చేసింది? ఈ నాలుగింటికీ ఒకే పరీక్ష జవాబు చెప్పలేదు.

నాలుగవ ప్రశ్న ఎంత ముఖ్యమో థలసీమియా చరిత్ర చెబుతుంది. ఇటలీలోని పెసారో పట్టణంలో లుకరెల్లీ అనే వైద్యుడు పెద్ద సంఖ్యలో థలసీమియా పిల్లలకు మూలుగ మార్పిడి చేశాడు. 1990లో ఆయన బృందం పిల్లలను మూడు తరగతులుగా విభజించింది. అందుకు చూసిన గుర్తులు మూడు: కాలేయం పెరగడం, కాలేయంలో నారపట్టడం, ఇనుమును తొలగించే మందు సక్రమంగా వాడకపోవడం. ఏ గుర్తూ లేనివారు మొదటి తరగతి. మూడూ ఉన్నవారు మూడవ తరగతి. మొదటి తరగతిలో నూటికి 94 మంది, రెండవ తరగతిలో 80 మంది, మూడవ తరగతిలో 61 మంది బతికే అవకాశమున్నట్లు ఆనాటి లెక్కలు చూపాయి. ఈ మూడు గుర్తులలో ఫెరిటిన్ లేదు. ఇనుము ఎంత ఉన్నదన్నదానికంటె అది ఎన్నాళ్లు విచ్చలవిడిగా ఉండి కాలేయాన్ని ఎంత పాడుచేసిందన్నదే అక్కడ ప్రధానమైనది. ల్యుకీమియా రోగి కొద్ది నెలలలో రక్తం ఎక్కించుకొన్నవాడు; థలసీమియా బిడ్డ ఏళ్ల తరబడి ఇనుముతో కాపురం చేసినవాడు. ఇద్దరికీ ఫెరిటిన్ 2500 ఉన్నా వారి స్థితి ఒకటి కాదు.

పెసారో తరగతులకు కూడా విమర్శ అవసరమైనది. మన దేశంలో ఆలస్యంగా, సరైన మందు లేకుండా వచ్చే పిల్లలలో చాలామంది మూడవ తరగతిలోనే పడతారు. అందరినీ ఒకే గాటన కడితే ఉపయోగమేమి? 2007లో వెల్లూరు వైద్యులు ఆ తరగతినే మళ్లీ విడదీశారు. ఏడేళ్లు, ఆ పైబడిన వయస్సు ఉండి, కాలేయం పక్కటెముకల కిందికి 5 సెంటీమీటర్లు, అంతకు మించి పెరిగిన పిల్లలకే అపాయం మరీ ఎక్కువని వారు చూపారు. వయస్సు అడిగి, కడుపు మీద చేయి వేసి చూస్తే తెలిసే సంగతులివి. ఖరీదైన యంత్రం అవసరం లేని ఈ కొలత ఒక్క ఫెరిటిన్ అంకెకంటె ఎక్కువ చెప్పడం గమనించదగినది.

ఇక నిలువను సూటిగా కొలిచే సాధనాలను చూద్దాం. వెనుక కాలేయం నుంచి చిన్న ముక్క తీసి, ఎండబెట్టి, అందులో ఇనుమును తూచేవారు. ఎండిన కాలేయం గ్రాముకు 1.8 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 7 దాటితే చికిత్స అవసరం. 15 దాటితే గుండెకు ముప్పు. ఈ కొలతకు ప్రామాణ్యం వచ్చింది మూలుగ మార్పిడి వల్లనే కావడం విశేషం. మార్పిడితో నయమైన థలసీమియా రోగులు రక్తహీనత లేనివారు కనుక వారి నుంచి కొద్దికొద్దిగా రక్తం తీసి, నిలువలు అడుగంటేవరకు పోయిన ఇనుమును లెక్కకట్టవచ్చు. పెసారోలో ఏంజెలూచ్చీ ప్రభృతులు అలాగే చేసి, కాలేయంలోని ఇనుమును 10.6తో గుణిస్తే శరీరపు బరువు కిలోకు ఎన్ని మిల్లీగ్రాముల ఇనుము నిలువ ఉన్నదీ తెలుస్తుందని 2000లో ప్రకటించారు. 20 కిలోల బిడ్డకు కాలేయంలో గ్రాముకు 10 మిల్లీగ్రాములు ఉంటే కిలోకు 106, మొత్తం 2120 మిల్లీగ్రాములు. సుమారు పది సంచుల రక్తంలోని ఇనుము అన్నమాట.

కాని రక్తం గడ్డకట్టని స్థితిలో ఉన్న రోగి కాలేయంలో సూది గుచ్చడం ప్రమాదం. అందువల్ల ఎం.ఆర్.ఐ. దాని స్థానాన్ని ఆక్రమించింది. గుండెలోని ఇనుమునూ అది పట్టిస్తుంది. 2001లో లండన్ వైద్యులు టీ-టూ-స్టార్ అనే కొలతను ప్రవేశపెట్టారు. అది 20 మిల్లీసెకన్ల కిందికి దిగితే గుండెలో ఇనుము చేరినట్లు. 10 కిందికి దిగితే గుండె విఫలమయ్యే అపాయం దగ్గరపడినట్లు. మందు వాడినప్పుడు కాలేయం త్వరగా ఖాళీ అవుతుంది. గుండె చాలా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. కనుక కాలేయాన్ని చూసి గుండె బాగున్నదనుకోరాదు. ఈ పరీక్షకూ పరిమితులు లేకపోలేదు. చిన్నపిల్లలు కదలకుండా ఉండాలంటే మత్తు ఇవ్వాలి. యంత్రం ఉన్న ప్రతిచోటా ఇనుమును లెక్కకట్టే ఏర్పాటు ఉండదు. ఖర్చూ ఎక్కువే.

అంకెను పొరపాటుగా చదివితే నష్టమేమిటని కొందరు అడగవచ్చు. ఇనుమును తొలగించే మందులు తీపిగుళికలు కావు. డెఫెరాసిరాక్స్ మూత్రపిండాలను బాధిస్తుంది. మార్పిడి తరువాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా ఆ పనే చేస్తుంది. డెఫెరిప్రోన్ కొందరిలో తెల్లకణాలను పడగొడుతుంది. కొత్త మూలుగ నాటుకొనే వేళ అంతకంటె కీడు లేదు. డెఫెరాక్సమిన్ మోసే ఇనుమును మ్యూకర్ జాతి బూజులు దోచుకొని పెరుగుతాయి. జ్వరం వల్ల పెరిగిన ఫెరిటిన్‌ను చూసి ఈ మందులు మొదలుపెడితే కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. మార్పిడిని నెలల తరబడి వాయిదా వేస్తే ల్యుకీమియా ఈలోగా ఊరకుండదు. మరొకవైపు, తరచుగా రక్తం అవసరం లేని తరహా థలసీమియాలో ఫెరిటిన్ తక్కువగా ఉన్నా కాలేయంలో ఇనుము చాలా ఉండవచ్చు. అక్కడ ఆ అంకె తప్పుడు ధైర్యం ఇస్తుంది.

అయితే ఫెరిటిన్ పరీక్షను మానివేయమని ఈ విమర్శకు అర్థం కాదు. ఒకే రోగిలో, జ్వరమూ వాపూ లేని రోజులలో, మూడు నెలలకొకసారి చూసిన అంకెలు పెరుగుతున్నవా, తగ్గుతున్నవా అన్నది ఎంతో ఉపయోగకరమైన సమాచారం. దానితోపాటు వాపును తెలిపే సి.ఆర్.పి. పరీక్ష, ట్రాన్స్‌ఫెరిన్ ఎంత నిండినదో తెలిపే పరీక్ష చేస్తే అంకెకు అర్థం చాలావరకు స్పష్టమవుతుంది. ఇంతకంటె చౌకైనది, మన దేశంలో తరచు మరచిపోయేది ఇంకొకటి ఉన్నది: ఎక్కించిన సంచుల లెక్క. 40 సంచులు ఎక్కిన దేహంలోకి కనీసం 8 గ్రాముల ఇనుము వెళ్లినట్లే. దీనికి ఒక నోటుపుస్తకం చాలు. హైదరాబాదులో 1998లో ఏర్పడిన థలసీమియా, సికిల్ సెల్ సొసైటీ వంటి చోట్ల క్రమంగా రక్తం ఎక్కించుకొనే పిల్లల తలిదండ్రులు ఈ లెక్క తేదీలతో సహా రాసిపెట్టుకొంటే, రేపు మార్పిడికి ఏ ఊరు వెళ్లినా వైద్యుని చేతికి అందే మొదటి ఆధారం అదే అవుతుంది.

చివరి మాట మార్పిడి అయిన తరువాతి కాలాన్ని గూర్చి. కొత్త మూలుగ నాటుకొన్నది, రక్తం ఎక్కించవలసిన అవసరం తీరింది, బిడ్డ బడికి వెళుతున్నది. ఇక ఇనుము సంగతి ఎవరికీ గుర్తుండదు. కాని పాత ఇనుము కాలేయంలో అలాగే ఉంటుంది; దానంతట అది పోదని మొదటే చెప్పుకొన్నాము. దీనికి పెసారో వైద్యులు అనుసరించిన పద్ధతి సులభమైనది: కిలో బరువుకు 6 మిల్లీలీటర్ల చొప్పున 14 రోజులకొకసారి రక్తం తీయడం. పైన చెప్పిన 20 కిలోల బిడ్డకు ఒక్కొక్కసారి 120 మిల్లీలీటర్లు, అందులో సుమారు 50 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. 2120 మిల్లీగ్రాములు తరగడానికి 40 సార్లకు పైగా, అంటే ఏడాదిన్నరకు మించి పడుతుంది. ఓపిక కావలసిన పనే. మందుల ఖర్చు లేదు. ఈ చికిత్స ఎప్పుడు ఆరంభించాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేటప్పుడు కూడా ఫెరిటిన్ అంకె ఒక్కదానినే నమ్ముకోక, కాలేయాన్ని, గుండెను విడివిడిగా చూసి, ఇన్నాళ్లూ ఎక్కించిన రక్తం లెక్కతో సరిపోల్చుకోవడం వైద్యుల విధి. ఆ లెక్కను భద్రంగా ఉంచి, అడిగినా అడగకపోయినా వైద్యుల ముందు ఉంచడం తలిదండ్రుల విధి.